పాత తొట్టిలో పదకొండు చేపలు

ఆ శనివారం ఉదయానికి ల్యాబ్ మేడమ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరింటికి మేడ ఎక్కాలి. చేపలకు మేత వెయ్యాలి. మల్లెచెట్ల కింద రాలిన పండుటాకులు ఏరాలి. పదింటికి ఇంజనీరు వస్తే, పదిహేను రోజులుగా రాసుకున్న నీటిమట్టం కొలతల పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, "ఇందులోంచి చుక్క కారిందని చూపించండి, ఈ సాయంత్రమే అంతా పీకేస్తాను" అనాలి. ఆ వాక్యాన్ని రెండు రోజులుగా వంటింట్లో సాధన చేస్తోంది. "చుక్క" దగ్గర గొంతు కొంచెం పెంచాలని కూడా నిర్ణయించుకుంది.

ఆమె ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ నడిపింది. లెక్చరర్లు వచ్చేవారు, బదిలీ మీద పోయేవారు. యాసిడ్ సీసాల బీరువా తాళంచెవి మాత్రం ఆమె నడుము దగ్గరే ఉండేది. రిటైరయ్యాక కూడా ఆ భవనంలో పద్దెనిమిది ఫ్లాట్లవాళ్లూ ఆమెను ల్యాబ్ మేడమ్ అనే పిలిచేవారు. ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరుకోక, మేడ మీద ఒక మూల ఐదువందల లీటర్ల నీలం తొట్టి పెట్టి చేపలు వేసింది. దాని పక్కన ఇనుప స్టాండు మీద గులకరాళ్లు నింపిన పొడుగాటి మడి. ఆ గులకరాళ్లలో నాలుగు మల్లె, ఒక విరజాజి, రెండు మందారం, చివర ఖాళీ ఎందుకని వరుసగా బంతి. చిటికెడు మట్టి లేదు. చేపల నీళ్లను ఒక చిన్న పంపు గులకరాళ్లలోకి ఎక్కిస్తుంది, వేళ్లు తమకు కావలసింది తీసుకుంటాయి, తేరుకున్న నీళ్లు మళ్లీ తొట్టిలోకే జారతాయి.

"చేపలు మురికి చేస్తాయి, మొక్కలు శుభ్రం చేస్తాయి, ఎవరూ ఎవరి మీదా సణగరు" అని చూడవచ్చిన వాళ్లకు చెప్పేది. "ఏ ఇంట్లోనైనా చూశారా ఇలాంటి ఏర్పాటు?"

మొదటి ఏడు మల్లె ఆకులు పసుపెక్కిపోతే, చేపల నీళ్లలో మల్లె ఎక్కడ బతుకుతుందని భవనమంతా జాలిపడింది. జాలి ఆమెకు గిట్టదు. నీళ్లు పరీక్షించి, ఇనుము తక్కువైందని పట్టుకుని, చెంచాల లెక్కన మందు కలిపి, మూడు నెలలు తల వంచుకుని పనిచేసింది. రెండో ఏడు ఇప్పుడు, ఈ వారంలోనే, చెట్లు ఒక్కసారిగా విరగబూశాయి. సరిగ్గా ఈ వారంలోనే తొట్టి తీసెయ్యమని మూడో నోటీసు వచ్చింది.

కారణం డెంటిస్టు పడకగది పైకప్పు. ఆయన కాపురం పై అంతస్తులో, క్లినిక్కు కింద. పడకగది పైకప్పు మీద రెండు నెలలుగా ఒక తడి మరక పెరుగుతోంది. మొదట అరచేయంత ఉండేది, ఇప్పుడు దాని కింద మంచం వేసుకోలేని పరిస్థితి. మేడ మీద నీళ్లతో పని ఎవరికి, మేడమ్‌కు. కాబట్టి మరక ఎవరిది, మేడమ్‌ది. అసోసియేషన్ సెక్రటరీ ఇలా రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఆ సెక్రటరీ పరాయివాడు కాడు. మేడమ్ ఆడపడుచు భర్త. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగిపోయాడు గాని, ఆఫీసు ఆయనలోంచి దిగలేదు. ఒకే మెట్ల మీద రోజుకు నాలుగుసార్లు ఎదురుపడే చెల్లెమ్మకు కూడా విషయం, సూచిక, తేదీ వేసి కాగితమే పంపేవాడు. మొదటి నోటీసుకు మేడమ్ ఒక పేజీ జవాబు రాసింది. రెండో దానికి మూడు లైన్లు రాసింది. మూడో నోటీసు కింద ఉన్న ఖాళీలో "తీయను" అని ఒక్క మాట రాసి, ఆయన తలుపు కింద నుంచి లోపలికి తోసింది. దాంతో ఆయన నగరపాలక ఆఫీసుకు రాసి ఇంజనీరును పిలిపించాడు.

ఇంతకీ ఆ ఉదయం మేడమ్ మేడ ఎక్కేసరికి ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో వెంటనే తట్టలేదు. తరువాత తెలిసింది, పంపు చప్పుడు లేదు. తొట్టిలోకి వంగి చూస్తే పదకొండు పెద్ద చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. అంచుల వెంట మూడు వారాల పిల్లలు, బియ్యపుగింజంతేసి, అరవై నాలుగు. కదలని నీళ్లలో వాటికి గాలి ఆడడం లేదు. గంట, మహా అయితే గంటన్నర.

ఆమె పంపు ఊడదీసి సంచిలో వేసుకుని కిందికి పరుగెత్తింది. భర్త అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దుతున్నాడు. ఆయన ఒక ప్రెస్సుకు ప్రూఫులు చూసేవాడు. అందరికీ ప్రూఫు మాస్టారు. నోటిమాట మీద ఆయనకు పెద్ద గురి లేదు. అచ్చులో కనిపించిందే నమ్మేవాడు.

"ఏమండీ, పంపు పోయింది. నేను మెకానిక్కు దగ్గరికి వెళ్తున్నా. మీరు చేపల్ని తీసి పాత తొట్టిలో వెయ్యండి. అందులో నిన్నటి నీళ్లున్నాయి."

"అన్నీనా?"

"అన్నీ. పిల్లల్ని చేత్తో పట్టుకోకండి, టీ జల్లెడతో తియ్యండి."

"పాత తొట్టిలోనే కదా?"

"ఎన్నిసార్లు చెప్పాలండీ. పాత తొట్టిలో."

ఆమె చెప్పింది స్నానాలగది మూలనున్న తెల్లటి ప్లాస్టిక్ తొట్టి గురించి. కుళాయి నీళ్లలో బ్లీచింగు వాసన పోవడానికి ఒక రోజు ముందే పట్టి ఉంచేది అందులోనే. ఇంట్లో దాన్ని పాత తొట్టి అనేది ఆమె ఒక్కతే. ఆయన దాన్ని బట్టల తొట్టి అనుకునేవాడు, ఎందుకంటే ఆయన దృష్టిలో అది బట్టలు నానబెట్టే తొట్టి. పెళ్లై ముప్పై నాలుగేళ్లయినా ఈ విషయం మీద ఇద్దరికీ మాట్లాడుకునే అవసరం రాలేదు.

ఆయన బకెట్టూ జల్లెడా పట్టుకుని మేడ ఎక్కాడు. భవనానికి నీళ్లిచ్చే పెద్ద కొత్త ట్యాంకు అక్కడే ఉంది. దాని వెనక, నాలుగేళ్లుగా పక్కన పెట్టేసిన సిమెంటు ట్యాంకు. దాని మీద ఎర్రరంగుతో, బారెడు అక్షరాల్లో రాసి ఉంది: పాత తొట్టి - వాడరాదు. రాసినప్పుడు పెయింటరు "వాడరదు" అని రాస్తే, అది కళ్లబడినప్పటి నుంచి నిద్రపట్టక, మాస్టారే ఒక ఆదివారం బ్రష్షు తెచ్చి దీర్ఘం పెట్టి వచ్చాడు. ఆ రాత సగం తనదే అన్న అభిమానం ఆయనకు ఉంది. మూత పక్కకు జరిపి చూశాడు. లోపల మెడదాకా నీళ్లున్నాయి. నిన్నటి నీళ్లున్నాయని ఆవిడ చెప్పనే చెప్పింది. వాడరాదన్నది మనుషుల గురించి, చేపల గురించి ఏమీ రాయలేదు. ఆయన ఓపిగ్గా ఆరుసార్లు తిరిగి, పెద్దవాటిని బకెట్లతో, పిల్లల్ని జల్లెడతో, ఒక్కదాన్నీ వదలకుండా దింపాడు. దిగి వచ్చి చేతులు కడుక్కుని, పదహారో పేజీలో ఎగిరిపోయిన ఒక వత్తు పట్టుకున్నాడు. ఆ ఉదయం ఆయనకు ఎంతో తృప్తిగా గడిచింది.

తరువాతి రెండు గంటల్లో జరిగినదాన్ని మేడమ్ పదిమంది నోట వింది. పదిమందీ కాస్త కాస్త మార్చి చెప్పినా, మొదటి చేప దిగింది సెక్రటరీ ఇంట్లోనే అన్న విషయంలో అందరిదీ ఒకటే మాట.

మేడమ్ ఆడపడుచు స్నానానికి బకెట్టు నింపుకుంటోంది. నీళ్లలో ఏదో నలక కనిపిస్తే తీసెయ్యబోయింది. నలక పక్కకు తప్పుకుంది. ఆవిడ కంగారుపడే మనిషి కాదు. నలకను గాజుగ్లాసులోకి పట్టి, గడ్డం గీసుకుంటున్న భర్త ముందు అద్దం దగ్గర పెట్టింది.

"ఏమిటిది?"

"మన కుళాయిలో వచ్చింది. దీనికి కళ్లున్నాయి, చూడండి."

ఆయన చూశాడు. సబ్బునురుగు కింద ముఖం పాలిపోయింది. "నిన్నెవరు చూడమన్నారు దీన్ని?" అన్నాడు. అంత చిన్న చేపకు అంత పెద్ద భయం ఎందుకో ఆవిడకు అర్థం కాలేదు. "ఎవరికీ చెప్పకు" అన్నాడు మళ్లీ.

చెప్పడానికి అప్పటికే ఎవరూ మిగల్లేదు. రెండో అంతస్తులో ఒకావిడ పళ్లు తోముకుంటూ ఒకదాన్ని చూసింది. నాలుగో అంతస్తులో కూరగాయలు కడుగుతున్న గిన్నెలో రెండు దొరికాయి. కింద క్లినిక్కులో డెంటిస్టు ఒక పెద్దమనిషి దవడపన్ను పుచ్చు తొలిచి, కుళాయి కింద గ్లాసు పట్టి, పుక్కిలించి ఉమ్మమన్నాడు. ఆయన ఉమ్మాడు. ఉమ్మిన పళ్లెంలోకి వంగి, చాలాసేపు చూశాడు.

"డాక్టరుగారూ, పురుగు పట్టిందని మీరంటే మామూలు మాట అనుకున్నా" అన్నాడు నీరసంగా. "ఇది ఈదుతోందండీ."

డెంటిస్టు ఆయన్ను కూర్చోబెట్టడానికి పావుగంట పట్టింది. మిగతా పళ్లలో ఇంకెన్ని ఉన్నాయో కూడా చూడమని ఆయన పట్టుబట్టాడు.

ఎనిమిదిన్నరకల్లా జనం గ్లాసులు పట్టుకుని కిందికి దిగారు. సెక్రటరీ అప్పటికి తేరుకున్నాడు. సగం గీసిన గడ్డంతోనే గేటు దగ్గర కుర్చీ వేయించుకుని, తప్పంతా నీళ్ల శాఖదని ప్రకటించాడు. నదిలోంచి నేరుగా వదిలేస్తున్నారన్నాడు. వడపోత లేదు, బాధ్యత లేదు, పిల్లాపాపలున్న ఇళ్లన్నాడు. నీళ్ల శాఖ ఆఫీసుకు నాలుగు ఫోన్లు చేశాడు. ఫిర్యాదు రాసి పద్దెనిమిది ఫ్లాట్ల సంతకాలూ తీసుకున్నాడు. "ఎవరి చేప వాళ్లు జాగ్రత్తగా ఉంచండి. అది సాక్ష్యం" అన్నాడు. ఆ సంతకాల్లో ప్రూఫు మాస్టారు సంతకం కూడా ఉంది. ఆయన కాగితం మొత్తం చదివి, రెండు తప్పులు దిద్ది మరీ సంతకం పెట్టాడు. గ్లాసుల్లోకి మాత్రం చూడలేదు.

మేడమ్ పంపుతో తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. మెకానిక్కు లోపలి చక్రంలో ఇరుక్కున్న నత్తగుల్ల తీసి ఆమె అరచేతిలో పెట్టి, "మీ పంపు బాగానే ఉంది, మీ నత్తే బాగోలేదు" అన్నాడు. ఆ గుల్ల కోసం ఆయన పంపును మొత్తం విప్పి, మొత్తం బిగించాల్సి వచ్చింది.

గేటు దగ్గర నలభైమంది గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో నీళ్ల శాఖ సూపర్‌వైజరు. ఆయన ముందు, చేతిలో వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీతో, ఆ వీధికి నీళ్లు వదిలే ముసలాయన.

"ఇరవై రెండేళ్లుగా ఈ వీధికి నీళ్లు వదుల్తున్నా సార్" అంటున్నాడు ముసలాయన. "తుప్పొచ్చింది, బురదొచ్చింది, ఓసారి చెప్పు కూడా వచ్చింది. చేప రాలేదు."

"అదంతా ఎంక్వైరీలో చెప్పుకో. పద్దెనిమిది సంతకాలు పెట్టారు నీ మీద. ముందు ఈ మెమో తీసుకో. రేపట్నుంచి డ్యూటీకి రానక్కర్లేదు."

మేడమ్ పక్కనున్న ఆవిడ గ్లాసు అందుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తోక మొదట్లో సన్నటి నల్ల చార. రోజుకు రెండు పూటలా చూసే పిల్లలు. అవి తన తొట్టివే. జనంలో భర్త కనిపించాడు. చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగింది.

"చేపల్ని ఎక్కడ వేశారు?"

"నువ్వు చెప్పిన చోటే. పాత తొట్టిలో."

"ఏ పాత తొట్టిలో?"

"పాత తొట్టి అని రాసి ఉన్నదాంట్లో."

"మన బాత్రూములో తొట్టి మీద ఎవరు రాశారండీ?"

"బాత్రూములోదా?" అన్నాడు మాస్టారు. "దాని మీద ఏమీ రాసి లేదే."

ఆమె తిట్టడానికి నోరు తెరిచి, ఆపుకుంది. తిట్లకు టైము లేదు. మాస్టారికి అప్పటికి మొత్తం అర్థమైంది. గొంతు తగ్గించి, "ఇప్పుడేం మాట్లాడకు. అందరూ నీళ్ల శాఖ అనుకుంటున్నారు. పదింటికి ఇంజనీరు వస్తోంది. నీ చేపలని తెలిసిందంటే బావగారు తొట్టీ మొక్కలూ అన్నీ మధ్యాహ్నానికి కిందికి దింపిస్తాడు. రెండేళ్ల కష్టం" అన్నాడు.

అది నిజమే. నోరు మూసుకుని మెట్లెక్కితే చాలు, పంపు బిగించుకోవచ్చు, మల్లెలు కోసుకోవచ్చు. ఆమె అటు చూసింది. ముసలాయన మెమో కింద సంతకం పెట్టడానికి కడ్డీని చంకలో ఇరికించుకుని, పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నాడు. ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నో గాజుసామాన్లు పగిలాయి. ఎవరి చేతిలో పగిలిందో వాళ్ల పేరే పుస్తకంలో రాసింది తప్ప, ఎదురుగా నిలబడ్డ అటెండరు మీదికి ఎన్నడూ తోయలేదు.

ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లి, ముసలాయన చేతి కింద నుంచి మెమో లాగేసింది.

"ఆయనకేం సంబంధం లేదు. ఆ చేపలు నావి."

 నలభై గ్లాసులు ఆమె వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే నగరపాలక ఇంజనీరు స్కూటరు గేటు ముందు ఆగింది. నడివయసు మనిషి, చేతిలో సుత్తీ టార్చిలైటూ. ఎవరూ ఆవిడను పలకరించలేదు. ఆవిడా అడగలేదు, హెల్మెట్టు తీసి వింటూ నిలబడింది.

సెక్రటరీ కుర్చీలోంచి లేచాడు. ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది; అసలు ఆ ఉదయం మొత్తంలో ఆయన అంత ఆరోగ్యంగా కనిపించింది అప్పుడే. "విన్నారా అందరూ? నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా. ఈవిడ చేపలు మన మంచినీళ్లలోకి వచ్చాయి. ఏం చెల్లెమ్మా, ఇప్పటికైనా ఆ తొట్టి తీస్తావా?"

"తీయను."

"ఇంత జరిగాక కూడానా?"

"ఇంకా జరగాల్సింది ఉంది అన్నయ్యగారూ. పంపు చెడిపోతే మీ బావమరిది చేపల్ని తీసి పాత తొట్టిలో వేశారు. నా మాట తప్పుగా అర్థం చేసుకున్నారు, మేడ మీది పాత ట్యాంకులో వేశారు. తప్పు మా ఇద్దరిదీ, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాం. కానీ ఒక్కటి చెప్పండి. ఆ ట్యాంకు వాడటం మానేసి నాలుగేళ్లయిందన్నారు. పైపు కూడా కట్టేయించామన్నారు. మరి వాడని ట్యాంకులో వేసిన చేప మీ ఇంటి కుళాయిలోకి ఎలా వచ్చింది?"

సెక్రటరీ గీయని చెంప గోక్కున్నాడు. మేడమ్ చేతిలోని గ్లాసు వాసన చూసింది.

"అందులో మెడదాకా నీళ్లున్నాయట. ఇదిగో, గ్లాసులో ఇంకా బ్లీచింగు వాసన ఉంది. వాన నీళ్లకి ఈ వాసన రాదు. ఎవరో నిన్ననే నింపారు."

"అవునండీ" అంది సెక్రటరీ భార్య, చేతిలో గ్లాసుతో, ఏదో మరిచిపోయిన సంగతి గుర్తొచ్చినట్టు. "నిన్న మధ్యాహ్నం ప్లంబరు వచ్చాడుగా, మీరు దగ్గరుండి మేడ మీద పని చేయించారు. వెళ్తూ మన ఇంట్లోనే కాఫీ తాగాడు. సిమెంటు చేతులతో కప్పు పట్టుకున్నాడని నేను గొణిగితే, ఊరుకోమన్నారు."

"నువ్వు ఊరుకోవే" అన్నాడు సెక్రటరీ. కానీ ఆ మాటలో బలం లేదు.

ఇంజనీరు మెట్ల వైపు నడిచింది. ఆవిడ వెనక సెక్రటరీ, మేడమ్, మాస్టారు, డెంటిస్టు, కడ్డీతో సహా ముసలాయన, ఆ వెనక గ్లాసులన్నీ. లిఫ్టు ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మేడ మీద ఆవిడ మొదట కొత్త ట్యాంకు మూత ఎత్తింది. లోపల చుక్క నీరు లేదు. అడుగున ఒక మూల నుంచి మరో మూలకు పొడుగాటి పగులు. దాని మీద పూసిన తెల్ల సిమెంటు ఇంకా సరిగా ఆరలేదు. సుత్తితో ఒక్కసారి తట్టింది, పెచ్చు ఊడి పడింది. వెనక సందులో, ట్యాంకు కింద నుంచి పాచి పట్టిన పచ్చటి చార నేల మీదుగా పారి, పిట్టగోడ మూలకు చేరి ఆగింది.

"దీని కింద ఎవరి ఇల్లు?"

"నా పడకగది" అన్నాడు డెంటిస్టు.

"ఎన్నాళ్లుగా కారుతోంది ఇది?"

సెక్రటరీ ట్యాంకు వైపు చూస్తూ చెప్పాడు. రెండు నెలల కిందటే ఆయనకు తెలుసు. ఈ ట్యాంకే మంచిదని పదిమందిని ఒప్పించి తెప్పించింది తనే; తనే దగ్గరుండి ఎక్కించాడు. అది పగిలిందంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? ఈలోగా చేపల తొట్టి మీద అందరికీ అనుమానం వచ్చింది. అది తప్పని తాను చెప్పలేదు, అంతే. ఇంజనీరు వచ్చే ముందురోజు పగులు పూయించి, ఆరేదాకా నీళ్లు పాత ట్యాంకులోంచి వదిలితే ఎవరికీ తెలియదనుకున్నాడు. పొద్దున గ్లాసులో చేప చూడగానే, పాత ట్యాంకులో నాలుగేళ్ల పాచిలో అవే పుట్టాయనుకుని హడలిపోయాడు.

"నింపే ముందు ఇది కడిగించారా?" అంది ఇంజనీరు పాత ట్యాంకులోకి టార్చి వేస్తూ.

"పైపైన" అన్నాడు సెక్రటరీ.

జనం ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నారు. మేడమ్ కూడా వంగి చూసింది. పదకొండు పెద్ద చేపలూ గోడకు పట్టిన నాచును గీకి తింటూ, కులాసాగా తిరుగుతున్నాయి. సొంత తొట్టిలో ఎన్నడూ అంత ఆకలి చూపించలేదని ఆమెకు కొంచెం కష్టమనిపించింది.

ఇంజనీరు మేడ అవతలి మూలకు వెళ్లి చేపల తొట్టి చుట్టూ తిరిగింది. కింద నేల తాకి చూసింది, పొడిగా ఉంది. మేడమ్ కొలతల పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, గొంతు సవరించుకుంది. ఆవిడ ఒక పేజీ తిప్పి, "దీని అవసరం లేదండీ, కనిపిస్తూనే ఉంది" అని తిరిగి ఇచ్చేసింది. రెండు రోజుల సాధన వృథా అయింది.

ఆవిడ అక్కడే పిట్టగోడ మీద కాగితం పెట్టి రాసింది. పగిలిన ట్యాంకు మార్చాలి. పాతది ఈ రోజే ఖాళీ చేయాలి, అంతవరకూ ఎవరూ ఆ నీళ్లు నోట్లో పోసుకోకూడదు. డెంటిస్టు పైకప్పు అసోసియేషనే బాగుచేయించాలి. తరువాత మేడమ్ వైపు తిరిగింది.

"మీకూ ఒకటి రాస్తున్నా. దాని మీద వాడరాదని ఉన్నా, ఏమున్నా, నీళ్ల ట్యాంకులో చేపలు వెయ్యడం తప్పే."

"తప్పే. రాయండి, సంతకం పెడతాను. తొట్టి మాత్రం తీయను."

"తీయమని నేనెక్కడన్నాను?" అంది ఇంజనీరు. మల్లెల దగ్గర నిలబడి, మడిలోకి చెయ్యి పెట్టి గులకరాళ్లు పైకి తీసి చూసి, మళ్లీ జాగ్రత్తగా సర్దింది. "మట్టి లేకుండా ఇంత మొగ్గా?" అని ఒక్క మాట అడిగి, జవాబు పూర్తిగా విని మరీ వెళ్లింది.

సూపర్‌వైజరు మెమో చించేశాడు. ముసలాయన మేడమ్‌కు దండం పెట్టబోతే, ఆమె ఆయన చేతికి బకెట్టు ఇచ్చింది. ఇద్దరూ కలిసి పెద్ద చేపల్నీ, ట్యాంకులో మిగిలిన పిల్లల్నీ సొంతచోటికి చేర్చారు. పంపు గుయ్యిమంది. తరువాత గ్లాసులవాళ్లు వరుసగా వచ్చి ఎవరి చేపను వాళ్లు తొట్టిలోకి వదిలారు. మేడమ్ పక్కన నిలబడి లెక్కపెట్టింది. చివరి గ్లాసుతో కలిపి పిల్లలు యాభై తొమ్మిది లెక్కకు వచ్చాయి. మిగతా ఐదూ ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. పొద్దున్నే టీ తాగినవాళ్లు అసలే అడగలేదు.

చివరగా సెక్రటరీ భార్య తన గ్లాసుతో వచ్చింది. వెనక మెట్ల మలుపులో సెక్రటరీ నిలబడి ఉన్నాడు, సగం గడ్డంతోనే.

"నీ ముందుకు రావడానికి మొహం చెల్లట్లేదట" అంది ఆవిడ మేడమ్‌తో.

"రమ్మనండి వదినా. గ్లాసు వదిలేటప్పుడు నీళ్లకి దగ్గరగా వంచమనండి, పైనుంచి పోస్తే బెదురుతాయి."

ఆయన వచ్చాడు. గ్లాసు నీళ్లకు ఆనించి నెమ్మదిగా వంచాడు. చేప ఒక్కక్షణం ఆగి, లోపలికి జారుకుంది. "నీ మీదికి నెట్టడం నా తప్పు చెల్లెమ్మా" అన్నాడు తొట్టి వైపే చూస్తూ. ఆమె మల్లెల వైపు తిరిగింది. ఒక కొమ్మ వంచి, దోసెడు మల్లెమొగ్గలు కోసి వదిన కొంగులో పోసింది.

సాయంత్రం అసోసియేషన్ సమావేశం పెట్టుకున్నారు. ఆయన రాజీనామా కాగితం చదివాడు. విషయం, సూచిక, తేదీ అన్నీ ఉన్నాయి. వెంటనే పదిహేడు ఫ్లాట్లవాళ్లూ ఒకే గొంతుతో ల్యాబ్ మేడమే సెక్రటరీ అన్నారు. డెంటిస్టు అయితే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"నాకొద్దు" అంది మేడమ్. "నాకు డెబ్భై చేపలున్నాయి. వాటికి నీళ్లు పాడైతే అవే పైకొచ్చి చెప్తాయి. మీలో ఎవరు చెప్తారు?"

బతిమాలారు. గట్టిగా అడిగారు. ఆడపడుచు చేత చెప్పించారు. ఆమె కుర్చీ వెనక్కి జరిపి, చేపల మేత వేళయిందని లేచి వెళ్లిపోయింది. వారం తరువాత కొత్త ట్యాంకు బిగించారు. దానికి మూత సరిగ్గా ఉందో లేదో పద్దెనిమిది ఫ్లాట్లవాళ్లూ వంతులవారీగా మేడ ఎక్కి చూస్తున్నారు.

సెక్రటరీ పదవి ఆ రోజు నుంచి ఖాళీగానే ఉంది, నీళ్లు మాత్రం వేళకు వస్తున్నాయి.